సిక్కోలు, విజయనగరం ఇళ్లలో పెంపుడు కుక్క: దేనికి ఖర్చుపెట్టాలి, దేన్ని వదిలేయాలి

కుక్కను పెంచేవాళ్లు ఎక్కువగా అడిగేది "ఏ కంపెనీ ఫుడ్డు మంచిది?" అని. నేను తిరిగి అడిగేది వేరు. రాత్రి పదింటికి కుక్కకు వాంతులు పట్టుకుంటే ఎక్కడికి తీసుకెళ్తారు? విశాఖలో ఉన్నవాళ్లకు ఫోన్లో వెతికితే ఏదో ఒక క్లినిక్ తగులుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఉన్నవాళ్లకు పగలైతే ఇబ్బంది లేదు, రాత్రయితే అనుమానం. మందసలోనో వేపాడలోనో ఉంటే పగలు కూడా అనుమానమే. కాబట్టి మన రెండు జిల్లాల్లో టీకా, తిండి, పిడుదుల మందు, ఆపరేషన్ ఏదైనా సరే, డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడన్న లెక్క చూసుకునే ఎంచుకోవాలి. డాక్టరు ఎంత దూరమైతే ముందుజాగ్రత్తకు అంత ఎక్కువ పెట్టాలి. నగరంలో ఉన్నవాళ్ల సలహా మనకు పూర్తిగా పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఏ కుక్క

మొన్న టెక్కలి నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, హస్కీ పిల్లని తెచ్చుకుంటాను. ఏసీ గది ఉంది కదేటి?"

"తిత్లీ తుపాను అప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లకొచ్చిందో మీ అమ్మనడుగురా," అన్నాను.

2018 అక్టోబరులో వచ్చిన తుపాను అది. వాడికి గుర్తులేదేమో గానీ మా అక్కకు బాగా గుర్తుంది. మంచు ప్రాంతంలో బండి లాగడానికి పుట్టిన కుక్కను తెచ్చి, రోహిణీ కార్తెలో తీరప్రాంతపు ఉక్కపోతలో కరెంటును నమ్ముకుని పెంచడం కుక్కకూ బాధే, జేబుకూ బాధే. సెయింట్ బెర్నార్డ్ సంగతీ అంతే. పగ్‌కు బొచ్చు తక్కువే గానీ ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది. ఒంట్లో వేడిని కుక్కలు ప్రధానంగా వగర్చి బయటికి పంపాలి. ఆ దారే ఇరుకైతే మే నెల మధ్యాహ్నం పావుగంట నడక కూడా దానికి ప్రమాదమే.

మనవైపు చాలా ఇళ్లలో కనిపించే పమేరియన్ ఇక్కడి వాతావరణానికి బాగానే అలవాటుపడింది. దాని గొడవంతా పళ్లతోనూ మోకాలి చిప్పతోనూ. లాబ్రడార్ ఎండను కొంతవరకు ఓర్చుకుంటుంది గానీ తిండి దగ్గర దానికి హద్దుండదు, ఒళ్లు వచ్చేస్తుంది. జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీళ్ల జబ్బు వంశంలోనే ఉండొచ్చు. తల్లిదండ్రుల్ని చూడకుండా పిల్లను కొనకండి.

డాక్టరు దూరంగా ఉన్న ఊళ్లో మొదటిసారి పెంచుతున్నారంటే నా ఓటు నాటు కుక్కకే. పొట్టి బొచ్చు, పొడుగు మూతి, మన ఎండకు అలవాటుపడిన ఒళ్లు. ఒక్క అపోహ మాత్రం వదిలించుకోవాలి. "నాటు కుక్కకు ఏ రోగమూ రాదు, టీకాలెందుకు" అంటారు. పార్వో, డిస్టెంపర్, పిడుదుల జ్వరం, రేబిస్ జాతి చూసి రావు. వీధిలో మనకు కనిపించే నాటు కుక్కలు బతికి బయటపడినవి. వాటితో పుట్టిన మిగతా పిల్లలు ఏమయ్యాయో ఎవరూ లెక్కపెట్టరు.

ఎక్కడ చూపించాలి

ఊళ్లో పశువుల ఆస్పత్రి, జిల్లా కేంద్రంలో పాలీక్లినిక్, పట్నంలో ప్రైవేటు క్లినిక్, గరివిడి వెటర్నరీ కాలేజీ, చివరికి విశాఖ. మన దగ్గరున్న దారులివి. అన్నీ అన్నిటికీ పనికిరావు.

మండలంలోని పశువుల ఆస్పత్రిలో డాక్టరు రోజంతా ఆవులు, గేదెలు, గొర్రెలతోనే ఉంటారు. కుక్కను చూడరని కాదు, చూస్తారు. గాయం, గజ్జి, నట్టల మందు, రేబిస్ టీకా లాంటి వాటికి అక్కడికే వెళ్లండి. ఉదయం పూట వెళ్తే మనిషి దొరుకుతారు. రక్తపరీక్ష, స్కానింగ్ కావాల్సిన కేసుకు మాత్రం అక్కడ కూర్చుని పొద్దుపుచ్చొద్దు. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా రైతుల పశువుల కోసం. అడిగి చూడటంలో తప్పులేదు, రాత్రి అత్యవసరానికి మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఊళ్లో సూది వేసే గోపాలమిత్రను పిలవడం మనకు అలవాటు. డాక్టరు రాసిచ్చిన సూది వేయించుకోవడానికి అతను ఉపయోగపడతాడు. జబ్బేమిటో తేల్చడం అతని పని కాదు, అది అతని మీద మోపడం కూడా న్యాయం కాదు. జ్వరం సూది, బలం సూది పడగానే కుక్క ఒకపూట లేచి తిరుగుతుంది. అసలు జబ్బు అలాగే ఉంటుంది, రెండు రోజులు పోతాయి.

ప్రైవేటు క్లినిక్కుల గొప్పతనం సాయంత్రాలు. ఉద్యోగస్తులు వెళ్లగలిగేది అప్పుడే. కొత్త క్లినిక్కుకు వెళ్తే నేను చూసేది ఫ్రిజ్. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఇన్వర్టర్ ఉందా, టీకా సీసాలు తలుపు అరలో కూల్‌డ్రింకు పక్కన పెట్టారా, టీకా వేశాక సీసా మీది లేబుల్ పీకి కార్డులో అంటిస్తున్నారా? ఈ మూడూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

అంతుపట్టని చర్మరోగం, కుంటు, నెలల తరబడి తగ్గని జబ్బు ఉంటే గరివిడి వైపు చూడండి. విజయనగరం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. శ్రీకాకుళం వాళ్లకు కూడా విశాఖ కంటే అదే దగ్గర. బోధనాస్పత్రి కాబట్టి తొందర ఉండదు, నలుగురు చూస్తారు, ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. ఓపిక ఉన్నవాళ్లకే అది సరిపడుతుంది. ముందు ఫోన్ చేసి ఆ రోజు సంబంధిత డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోండి. కాన్పు అడ్డం తిరిగినా, పొట్ట ఉబ్బి ఊపిరాడకపోయినా ఇంకెక్కడా ఆగకుండా విశాఖే. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకు విశాఖ చాలా దూరం, బరంపురం పక్కనే. అక్కడి డాక్టరు నంబరు ఇప్పుడే రాసిపెట్టుకోండి. కుక్కను బస్సెక్కించుకుంటారన్న నమ్మకం లేదు. రాత్రిపూట వచ్చే ఆటోవాడి నంబరు కూడా దాని పక్కనే ఉండాలి.

టీకాలు

ఇందులో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, వేయించడమే. పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బుల టీకా పిల్లకు 6 నుంచి 8 వారాల మధ్య మొదటిది, తర్వాత 3, 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గేదాకా టీకా సరిగా పట్టదు. అది ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలియదు. అందుకే ఒక్కటి వేయించి ఊరుకుంటే చాలదు. రేబిస్‌ది మూడు నెలలకు, ఏడాదికి మళ్లీ. ఏటా జూలై 6న, జూనోసిస్ డే నాడు, పశుసంవర్ధక శాఖ రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంది. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా వేశాడు.

ఎంపిక ఉన్నదల్లా ఒక్కచోట. లెప్టోస్పైరా కలిసిన టీకానా, లేనిదా? మనకైతే ఉన్నదే. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే జబ్బది, కుక్క నుంచి మనిషికీ సోకుతుంది. నాగావళి, వంశధార ఒడ్డున వరి మళ్ల మధ్య ఇళ్లున్నవాళ్లు దీన్ని వదిలేయకూడదు. మొదట రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి.

టీకాలు పూర్తికాని పిల్ల నీళ్లలాగా, రక్తంతో విరేచనం చేస్తుంటే పార్వో అనుకునే బయల్దేరండి. దానికి కావలసింది సెలైన్, అదీ ఆ రోజే. పెరుగన్నం పెట్టి రేపు చూద్దాం అనుకునే జబ్బు కాదు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పార్వోతో పిల్ల పోయిన పెరట్లోకి టీకాలు పూర్తికాని మరో పిల్లను తేవద్దు.

పిడుదులు

అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. మన తీరంలో పిడుదుల్ని ఆపేంత చలి ఏ నెలలోనూ ఉండదు. ఎర్లీకియా, బబీసియా అనే రెండు జబ్బుల్ని అవి మోసుకొస్తాయి. కుక్క తిండి మానేస్తుంది, మూలన పడుకుంటుంది, ఒళ్లు కాలుతుంది. మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 103 దాటితే జ్వరమే. కొన్నిటికి ముక్కులోంచి రక్తం కారుతుంది. బబీసియా అయితే మూత్రం టీ డికాషన్ రంగులోకి తిరగొచ్చు.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. పైపెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి, రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. నొక్కకముందే చిగురు పాలిపోయి ఉంటే రక్తం తగ్గినట్టు. నల్ల చిగుళ్లున్న కుక్కకు కింది కనురెప్ప లోపల చూడండి. ఆ రోజే సీబీపీ (రక్తకణాల పరీక్ష), ప్లేట్‌లెట్లు చూపించాలి. ఎర్లీకియా అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు వాడమంటారు. మనవాళ్లు వారానికి కుక్క అన్నం తినగానే ఆపేస్తారు, కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది.

ఇక మందులు. పౌడరు చవక, ఎక్కడైనా దొరుకుతుంది. చల్లిన చోట ఒకటి రెండు రోజులు పనిచేస్తుంది. కుక్క నాకుతుంది, దులుపుకుంటుంది. దీనికి పెట్టే డబ్బు దండగ. ఆవులకు కొట్టే మందునే నీళ్లలో కలిపి కుక్క మీద పోయడం పల్లెల్లో మామూలు. పాళ్లు తప్పితే కుక్క వణికి, చొంగ కార్చి పడిపోతుంది. అమిత్రాజ్ కూడా నీళ్లలో కలిపి పోసేదే, గజ్జికీ పనిచేస్తుంది, ఖర్చు తక్కువ. డబ్బు కటకటగా ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన పాళ్లలో, చేతులకు గ్లౌజులు వేసుకుని, గాలి ఆడే చోట వాడుకోవచ్చు. పిల్లకుక్కలకు, షుగరున్న కుక్కలకు వద్దు. ఇంట్లో పిల్లి ఉంటే అసలు వద్దు. పర్మెత్రిన్ కలిసిన మందులు కూడా పిల్లికి విషమే.

మెడ వెనక చర్మం మీద పోసే చుక్కల మందు నెలంతా పనిచేయాలంటే, పోయడానికి రెండు రోజుల ముందూ తర్వాతా స్నానం చేయించకూడదు. కళింగపట్నం బీచిలో రోజూ నీళ్లలో దూకే కుక్కకు అది నిలవదు. మెడపట్టీ నెలల తరబడి పనిచేస్తుంది. డెల్టామెత్రిన్ పట్టీకి దోమల్ని కూడా దూరంగా ఉంచే గుణం ఉంది. పట్టీకీ మెడకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. కుక్కను కావలించుకుని పడుకునే పసిపిల్లలున్న ఇంటికి నేను పట్టీ చెప్పను.

నమిలించే మాత్రలు, అంటే నెక్స్‌గార్డ్, సింపారికా నెలకొకటి, బ్రావెక్టో మూడు నెలలకొకటి, నా దృష్టిలో వీటిని మించినవి లేవు. మందు కుక్క రక్తంలో ఉంటుంది. స్నానం చేయించినా, వాన పడినా, చెరువులో ఈదినా పోదు. పిడుదు కరవాలి, కరిచాకే చస్తుంది. "మాత్ర వేశాం, అయినా పిడుదు కనిపించింది" అని కంగారుపడేవాళ్లు ఇది గమనించాలి. 8 వారాల లోపు పిల్లలకు వద్దు. మూర్ఛలున్న కుక్కకైతే డాక్టర్ని అడగకుండా వేయొద్దు. బరువును బట్టి సైజులుంటాయి. పెద్ద కుక్క మాత్ర కొని రెండు చిన్న కుక్కలకు విరిచిపెట్టే తెలివి వద్దు, మందు మాత్రంతా ఒకే పాళ్లలో ఉంటుందన్న హామీ లేదు. మూడు నెలల మాత్ర ఖరీదు వెయ్యి దాటుతుంది. ఎక్కువనిపిస్తుంది గానీ ఒక్క పిడుదుల జ్వరానికయ్యే రక్తపరీక్షలు, సెలైన్లు, విజయనగరం ఆటో ఖర్చుల పక్కన పెట్టి చూడండి. తారీఖులు మరిచిపోయే ఇంటికి, కుక్క ఊరంతా తిరిగొచ్చే పల్లెకు మూడు నెలలదే నయం.

మాత్ర ఒక్కటీ వేసి ఇంటిని వదిలేస్తే లాభం లేదు. కుక్క పిడుదు పశువుల శాలలో పిడుదులాంటిది కాదు, ఇంట్లోనే కాపురం పెడుతుంది. రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బిన ఆడది కిందికి రాలి, గోడెక్కి, పగుల్లో దూరి వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్క పడుకునే మూల, తలుపు చట్రం సందులు, మెట్ల కింద సున్నం రాలిన చోట్లు చూసి పగుళ్లు పూడ్పించండి, పరుపు గుడ్డల్ని మరిగే నీళ్లలో నానబెట్టండి. రోజూ చెవి మడత, వేళ్ల సందులు, తోక మొదలు తడిమి చూడండి. దొరికినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగి సబ్బునీళ్ల గ్లాసులో వేయండి. కిరసనాయిలు పూయడం, అగరుబత్తి అంటించడం, గోళ్లతో చిదమడం మానేయాలి.

తిండి

ప్యాకెట్టా, ఇంటి వంటా అని వాదించుకునేవాళ్లు రెండు వైపులా అతి చేస్తారు. సరిగ్గా పెడితే రెండూ మంచివే. సరిగ్గా పెట్టడం ప్యాకెట్టుతో తేలిక, ఇంటి వంటతో కష్టం.

మన ఇళ్లలో ఇంటి వంట అంటే చారన్నంలో కోడికాళ్లు, లేకపోతే పాలన్నం. ఎదిగే పిల్లకు ఇది చాలదు. అన్నంలోనూ మాంసంలోనూ కాల్షియం చాలా తక్కువ, మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఆ తేడా ఎముకలో తేలుతుంది. నాలుగైదు నెలల వయసులో ముందుకాళ్లు వంకర తిరిగి, పాదం పరుచుకుని నడుస్తున్న పిల్లలు చాలావరకు ఇలాంటివే. చోడి (రాగి) అంబలిలో కాల్షియం ఉన్నమాట నిజమే, ఒంటికి పట్టేది తక్కువ. అంబలి కడుపు నింపుతుంది గానీ లెక్క సరిచేయదు. అలాగని జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి పిల్లకు కాల్షియం టానిక్కు సీసాలకు సీసాలు పోయడం కూడా కీళ్లకు చెరుపే. అందుకే ఏడాది నిండేదాకా, పెద్ద జాతులకు ఇంకొన్ని నెలలు, పిల్లల కోసం చేసిన ప్యాకెట్టు ఫుడ్డునే ప్రధానంగా పెట్టమంటాను. టానిక్కు ఖర్చు మిగులుతుంది.

ఎదిగిన కుక్కకు ఇంటి తిండి హాయిగా పెట్టొచ్చు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డు, అన్నం, కాస్త గుమ్మడికాయో క్యారెట్టో. కాల్షియం ఎంత కలపాలో డాక్టరు చెప్తారు. చేపలు మనకు లోటు లేదు. ముల్లు తీసి ఉడికించి పెట్టండి. ఎండుచేపలు మాత్రం వద్దు, అందులో ఉండేది చేప కంటే ఉప్పు. ఉడికిన కోడి ఎముక విరిగి సూదిలా గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి కాబట్టి మిగిలిన కూర కుక్కకు వేసే అలవాటు మానుకోవాలి. పండగపూట జాగ్రత్త పడాల్సింది పాయసంలోని కిస్‌మిస్‌తో. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కలకు కిడ్నీల్ని పాడుచేస్తాయి, ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. పలాస జీడిపప్పు విషం కాదు, ఉత్త కొవ్వు. ఒకటి రెండు పలుకులు దాటనివ్వకండి.

ప్యాకెట్టు కొనేవాళ్లకు ఒక్క మాట. గోనె సంచిలోంచి కిలోల లెక్కన తూచి ఇచ్చే లూజు ఫుడ్డు చవకే, కానీ మన తీరపు తేమకు అది మెత్తబడి బూజు పడుతుంది. ఆ బూజు విషం లివర్‌ను తింటుంది. చిన్న ప్యాకెట్టు, సీలున్నది, నెలలోపు అయిపోయేది కొనండి.

ఆడకుక్కకు ఆపరేషన్

ఎదకు రాకుండా సూది వేయించడం చవకగా, సులువుగా కనిపిస్తుంది. ఆ హార్మోను సూదుల వల్ల గర్భసంచి చీముపట్టే ప్రమాదం పెరుగుతుంది. నేను వాటి జోలికి వెళ్లమనను. ఏమీ చేయించకుండా వదిలేసినా వయసు మీరాక అదే ప్రమాదం ఉంది. ఎద అయిన నెలా రెండు నెలలకు కుక్క నీళ్లు తెగ తాగుతూ, నీరసపడి, చీము కారుస్తుంటే గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి. అది కవిటిలో అర్ధరాత్రి వస్తే ఏం చేస్తారు? ఆరోగ్యంగా ఉన్నప్పుడు, మనం ఎంచుకున్న రోజున, మనం ఎంచుకున్న డాక్టరు చేత చేయించడమే తేలిక. చిన్న జాతులకు, నాటు కుక్కలకు ఆరు నెలల ప్రాంతంలో చేయించొచ్చు. పెద్ద జాతులకు ఎముకలు ఎదిగేదాకా, ఏడాది దాటాక. మగకుక్కకు ఇంత తొందరేమీ లేదు.

ఆపరేషన్ ఎక్కడైనా చేయించండి, మత్తు ఎవరు చూసుకుంటారు, మర్నాడు కుక్క లేవకపోతే ఫోన్ ఎత్తుతారా అన్నది ముందే అడగండి. నొప్పికి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మన మాత్రలు వేయొద్దు, కడుపులో పుండ్లు పడి, కిడ్నీలు పోతాయి. కుట్లు నాకకుండా 10 రోజులు మెడకు గరాటులాంటి కోన్ కట్టాలి. కోన్‌తో అన్నం తినలేక, గోడలకు గుద్దుకుంటూ చిరాకుపడే కుక్కకు పిల్లల పాత టీషర్టు తొడిగి, తోక దగ్గర ముడేస్తే సరిపోతుంది. రోజూ విప్పి కుట్లు చూసి, ఉతికింది మళ్లీ తొడగండి.